మా అమ్మ విమానం మారిన రోజు

వార్షికోత్సవ సంచికకి పాత విద్యార్థినులు కూడా ఏదో ఒకటి రాసి ఇవ్వాలని వార్డెన్ మేడమ్ ఫోన్ చేశారు. "ప్రయాణం మీద రాయండమ్మా, పిల్లలు ఇష్టంగా చదువుతారు" అన్నారు. అక్కాచెల్లెళ్ళం ఇద్దరం కూర్చుని ఆలోచించాం. మేము చేసిన ప్రయాణాలు ఎన్నని? హాస్టల్ వాళ్ళు తీసుకెళ్ళిన విహారయాత్ర ఒకటి, పరీక్షలకి కాకినాడ, కౌన్సెలింగ్‌కి విశాఖపట్నం. అంతే. మా ఇంట్లో దేశం దాటి వెళ్ళిన మనిషి ఒక్కతే ఉంది. ఒంటరిగా వెళ్ళింది. అప్పు చేసి వెళ్ళింది. చదవడం, రాయడం రాకుండా వెళ్ళింది. ఆమె మా అమ్మ. ఈ హాస్టల్‌లో చెరో ఎనిమిదేళ్ళు ఉన్నాం కానీ ఆ ప్రయాణం గురించి ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

మాది రాజోలు దగ్గర ఒక పల్లె. నాన్న కొబ్బరి దింపు తీసేవారు. 2010లో చెట్టు మీద నుంచి జారి పడి నడుము దెబ్బతింది. అమలాపురంలో ఒక ఆసుపత్రి, కాకినాడలో ఇంకో ఆసుపత్రి తిరిగాక నడవగలిగారు గానీ మళ్ళీ చెట్టు ఎక్కలేదు. అమ్మ ఊడ్పులకీ, పీచు మిల్లుకీ వెళ్ళేది. ఆ కూలితో వైద్యానికి చేసిన అప్పుకి వడ్డీ కూడా వెళ్ళేది కాదు. మా పేటలో అప్పటికే ఇంటికొకరు కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్నారు. అమ్మ కూడా వెళ్తానంది. కానీ రెండేళ్ళు ఆగింది. ఎందుకు ఆగిందో మాకు చాలా కాలం తెలియలేదు. హాస్టల్‌లో చేర్చుకునేది మూడో తరగతి నుంచి. పెద్దది 2010లోనే ఇక్కడ చేరింది. చిన్నదానికి మూడో తరగతి వచ్చేదాకా అమ్మ కాచుకుని ఉంది. 2012 జూన్‌లో దాన్ని కూడా ఇక్కడ చేర్చి, అదే నెలాఖరున విమానం ఎక్కింది. అంటే మేము మొదటిరోజు తెచ్చుకున్న ఆ రెండు ట్రంకుపెట్టెలు అమ్మ ప్రయాణానికి సామాను సర్దడంలో భాగమే అన్నమాట. ఆ సంగతి ఇప్పుడు అర్థమవుతోంది.

ఖర్చు ఎంతైందో అమ్మకి ఇప్పటికీ రూపాయితో సహా గుర్తుంది. పాస్‌పోర్టు రుసుము 1,000. దానికోసం రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళి రావడానికి 800. హైదరాబాదులో మెడికల్ పరీక్షకి 3,500. ఏజెంటుకి 33,000. రైలు, సామాను ఖర్చులు 1,200. చేతిలో ఉంచుకున్నది 500. మొత్తం 40,000. ఇందులో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది 20,000, డ్వాక్రా సంఘంలో తీసుకున్నది 15,000, చెవిదుద్దులు తాకట్టు పెట్టగా వచ్చినది 5,000. వెళ్ళకముందే నెలకి 600 రూపాయలు వడ్డీ మొదలైపోయింది. తక్కువ ఖర్చుతో విదేశీయాత్ర చేయడం ఎలా అని పత్రికల్లో వ్యాసాలు వస్తుంటాయి. అవి రాసేవాళ్ళు మా అమ్మని అడిగితే బాగుండునని మేము నవ్వుకుంటూ ఉంటాం.

నిజానికి మా ప్రాంతానికి సముద్రం దాటడం కొత్త కాదు. తాతల కాలంలో కాకినాడ నుంచి, కోరంగి నుంచి ఓడలెక్కి రంగం వెళ్ళేవారు. రంగం అంటే రంగూన్, బర్మా దేశం. అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో మన గోదావరి వాళ్ళు కూలి చేసేవారు. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు చాలామంది అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. గల్ఫ్ దేశాలకి దారి ఆ తరువాత పడింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. రంగం వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు, గుంపులుగా వెళ్ళేవారు. గల్ఫ్‌కి వచ్చేసరికి మా పేట నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళారు. ఇంటిపని వీసా ఒక మనిషికే వస్తుంది. తోడు ఉండదు.

అమ్మ వెళ్ళిన రోజు మేము చూడలేదు. హాస్టల్‌లోనే ఉన్నాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురంలో సాయంత్రం రైలెక్కిందని అమ్మమ్మ చెప్పింది. నాన్న నరసాపురం స్టేషన్ దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. తెల్లారి నాంపల్లిలో దిగాక ఏజెంటు తాలూకు మనిషి ఒకతను శంషాబాద్ విమానాశ్రయం గుమ్మం దాకా తీసుకెళ్ళి, చేతిలో కాగితాలు పెట్టి, "లోపలికెళ్ళి ఎవర్నడిగినా చెప్తారు" అని వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి అమ్మ ఒక్కతే.

ఈ సంగతులేవీ అప్పట్లో మాకు తెలియవు. మాకు తెలిసింది ఒక్కటే, అమ్మ కువైట్‌లో ఉందని ఎవరికీ చెప్పకూడదు అని. ఎవరు చెప్పవద్దన్నారో గుర్తులేదు. బహుశా ఎవరూ అనలేదు. పేట చివర అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళ గురించి మాట్లాడుకునే మాటలు వినీ వినీ మాకే అలా అనిపించి ఉంటుంది. అక్కడికి వెళ్ళినామె మంచి చీర కట్టుకుని వస్తే ఒక మాట, ఉత్త చేతులతో వస్తే ఇంకో మాట. స్కూల్లో ఎవరితోనైనా గొడవైతే "కువైట్ వాళ్ళ పిల్లలు" అనే పిలుపు తిట్టులాగా వచ్చి తగిలేది. ఏటా నింపే దరఖాస్తులో తల్లి వృత్తి అనే గడి ఉంటుంది. అందులో ఎనిమిదేళ్ళూ "కూలి" అనే రాశాం. అబద్ధం కాదు. నిజమూ కాదు.

మొదటి రెండేళ్ళు నెలకి ఒక్కసారే ఫోన్ వచ్చేది. మన కమాటీ ఆంటీ ఫోన్‌కి చేసేది అమ్మ. అక్కడికీ మనకీ రెండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి దీపాలు తీసేసే వేళకి అక్కడ ఏడు గంటలు. మేము ఇద్దరం ఒకే ఫోనుకి చెరో వైపు చెవి ఆనించి వినేవాళ్ళం. "తిన్నారా? చదువుతున్నారా? తలకి నూనె రాసుకుంటున్నారా?" ఈ మూడు ప్రశ్నలతోనే డబ్బులు అయిపోయేవి. నువ్వు ఎలా ఉన్నావని మేము అడిగేవాళ్ళం కాదు. అడగాలని తెలియదు.

ఇక 2017 ఏప్రిల్ 14 గురించి చెప్పాలి. ఆ రోజు అంబేద్కర్ జయంతి. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నది ఏడో తరగతి. హాలులో బాబాసాహెబ్ పటానికి దండ వేసి సభ పెట్టారు. "బాబాసాహెబ్ విదేశీ విద్య" అన్న అంశం మీద ఉపన్యాసం మా ఇద్దరికీ కలిపి ఇచ్చారు. సగం సగం కంఠస్థం పట్టాం. 1913లో ఇరవై రెండేళ్ళ వయసులో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకారవేతనంతో న్యూయార్క్ వెళ్ళారనీ, అది నెలకి పదకొండున్నర పౌండ్లనీ, కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారనీ, తిండి ఖర్చు తగ్గించుకుని పుస్తకాలు కొన్నారనీ చెప్పాం. 1916లో లండన్ వెళ్తే ఉపకారవేతనం గడువు తీరి 1917లో చదువు సగంలో ఆపి తిరిగి రావలసి వచ్చిందనీ, 1920లో మళ్ళీ వెళ్ళారనీ చెప్పాం. చప్పట్లు బాగా పడ్డాయి. చెరొక పెన్ను బహుమతి ఇచ్చారు.

ఆ రోజు శుక్రవారం. అప్పటికి అమ్మ రెండో ఇంట్లో పని చేస్తోంది. ఆ ఇంట్లో శుక్రవారం సెలవు ఇచ్చేవారు, సెల్‌ఫోన్ పెట్టుకోనిచ్చేవారు. రాత్రి ఫోన్ వచ్చింది. పెన్నులు వచ్చాయని గొప్పగా చెప్పాం.

"ఏం చెప్పారే సభలో?" అంది అమ్మ.

"అంబేద్కర్ గారు అమెరికా వెళ్ళారు కదా, దాని గురించి చెప్పామమ్మా."

"ఆయన ఒక్కరే వెళ్ళారా?"

"ఒక్కరే."

"విమానం మారాల్సొచ్చిందా?"

"అప్పుడు విమానాలేంటమ్మా, ఓడ."

"మరి డబ్బులో?"

మొదటిసారి రాజుగారు ఇచ్చారనీ, రెండోసారి కాలేజీలో పాఠాలు చెప్పి దాచుకున్న డబ్బూ, కొల్హాపూర్ షాహూ మహరాజ్ చేసిన సాయమూ, ఒక పార్శీ స్నేహితుడి దగ్గర తీసుకున్న అప్పూ పెట్టుకుని వెళ్ళారనీ చెప్పాం.

"అప్పు చేశారా పాపం" అంది అమ్మ. కాసేపాగి, "పిల్లలు?" అని అడిగింది.

మొదటిసారి వెళ్ళేటప్పటికి ఆయన కొడుకు యశ్వంత్ నెలల పిల్లవాడు. భార్య రమాబాయి గారు ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఆ మాట మా పాఠంలో ఉంది గానీ సభలో చెప్పడం మరిచిపోయాం. అది చెప్పగానే అవతల నుంచి మాట రాలేదు. లైను పోయిందనుకున్నాం. తరువాత అమ్మ మెల్లిగా, "నేనూ షార్జాలో విమానం మారానే" అంది.

ఐదేళ్ళ తరువాత అదే మొదటిసారి ఆమె ఆ మాట చెప్పడం. మేము వినడమూ అదే మొదటిసారి. ఆ రాత్రి కొంత చెప్పింది. మిగిలినది 2019లో పూర్తిగా వచ్చేశాక చెప్పింది. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

శంషాబాద్‌లో లోపలికి వెళ్ళాక తనిఖీ దగ్గర అమ్మ చేతిసంచీ ఆపేశారట. అందులో అమ్మమ్మ పెట్టిన ఆవకాయ సీసా ఉంది. నూనె ఉన్నది చేతిసంచీలో పనికిరాదని తీసి పక్కన డబ్బాలో పడేశారు. ఊరు దాటినప్పుడు గానీ, నాన్న నరసాపురంలో వెనక్కి తిరిగినప్పుడు గానీ ఏడవని మనిషి, ఆ సీసా డబ్బాలో పడిన చప్పుడుకి ఏడ్చిందట. పులిహోర పొట్లం మాత్రం పోనిచ్చారు.

టికెట్టు చవక కాబట్టి నేరుగా వెళ్ళే విమానం కాదు. షార్జాలో దిగి, ఏడు గంటలు కూర్చుని, వేరే విమానం ఎక్కాలి. ఈ సంగతి ఏజెంటు అమ్మకి చెప్పలేదు. షార్జాలో అందరూ దిగుతుంటే అదే కువైట్ అనుకుని దిగింది. బయటికి దారి ఎటని చూస్తుంటే, వెనకసీటులో వచ్చిన ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకుని "యాడికి పోతాండావు మే?" అని అడిగిందట. రాయచోటి వైపు ఆమె. సెలవుకి వచ్చి మళ్ళీ వెళ్తోంది. అమ్మ చేతిలో కాగితం చూసి, "కువైట్‌కా? ఇది షార్జా. నా ఎనకంబడే రా" అందట. అప్పటికి మా అమ్మకి షార్జా అనే ఊరు ఉందని తెలియదు.

ఆమె ఎక్కాల్సిన విమానం అమ్మ ఎక్కాల్సినది ఒకటి కాదు. ఆమెది గంట ముందు. వెళ్ళేముందు అమ్మకి ఒక పని నేర్పింది. కాగితం మీద అంకెలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించి, గోడ మీద వెలిగే బోర్డులో అవే అంకెలు ఎక్కడ కనిపిస్తాయో చూపించింది. "అచ్చరాలు వద్దు, అంకెలు చూసుకో సాలు" అందట. అమ్మకి అంకెలు వచ్చు. పీచు మిల్లులో రోజుల లెక్క, డ్వాక్రా పుస్తకంలో పొదుపు లెక్క చూసుకోవాలి కాబట్టి నేర్చుకుంది. బోర్డు మారినప్పుడల్లా లేచి వెళ్ళి పోల్చుకుని వచ్చి కూర్చునేదట. నిద్ర వస్తుందేమోనని ఏడు గంటల్లో ఎక్కువసేపు నిలబడే ఉంది. దాహం వేసినా నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో అడగలేదు. బల్ల మీద వెళ్ళిపోయిన ఎవరిదో సగం సీసా ఉంటే తాగిందట. ఇది చెప్పేటప్పుడు అమ్మ నవ్వింది. మేము నవ్వలేకపోయాం.

కువైట్‌లో దిగాక ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్ళని ఒక పక్కన కూర్చోబెట్టారు. ఎవరి యజమాని వస్తే వాళ్ళని పేరు పిలిచి అప్పగించారు. అమ్మ పేరు వాళ్ళు పలికిన తీరుకి అది తన పేరని తెలియక రెండుసార్లు ఊరుకుందట. యజమాని పాస్‌పోర్టు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ అది అమ్మ చేతికి వచ్చింది రెండేళ్ళ తరువాత, 2014లో.

మొదటి ఇల్లు మూడంతస్తులు, తొమ్మిదిమంది మనుషులు. జీతం 70 దినార్లని చెప్పి పంపితే ఇచ్చింది 50. అప్పట్లో దినారు సుమారు 190 రూపాయలు. అంటే నెలకి 9,500 లెక్క. వెళ్ళిన నెల తిరక్కుండానే రంజాన్ మాసం వచ్చింది. పగలు ఇంటిపని, రాత్రంతా వంటపని, తెల్లవారుజామున మళ్ళీ భోజనాలు. ఆ నెలలో పడుకున్న గంటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చంది. కొట్టలేదు, తిండి పెట్టారు. "మన పేట నుంచి వచ్చినవాళ్ళలో నేను అదృష్టవంతురాలినే" అంది. అది అదృష్టం అని ఆమె అనుకోవడమే మాకు బాధ కలిగించింది. మా పేటలోనే 24 ఏళ్ళ పిన్ని ఒకామెకి పాస్‌పోర్టులో 31 ఏళ్ళు వేయించి పంపారు. ఆమె జీతం లేకుండా పనిచేసి, ఇంట్లోంచి పారిపోయి, ఎంబసీ షెల్టర్లో ఉండి, ఔట్‌పాస్ మీద తిరిగి వచ్చింది. ఎవరూ ఆమెని ఏమైందని అడగలేదు. ఏం తెచ్చావని అడిగారు.

అమ్మ 2015లో రెండోసారి వెళ్ళింది. ఆ ఏడాదే కువైట్ ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. చట్టం అన్ని ఇళ్ళలోకీ వెళ్ళలేదు గానీ అమ్మ రెండో ఇంట్లోకి కొంత వెళ్ళింది. ఆ శుక్రవారం సెలవు అలా వచ్చిందే. ఆ సెలవు లేకపోతే 2017 ఏప్రిల్ 14 రాత్రి మాకు ఫోన్ వచ్చేది కాదు. ఈ వ్యాసమూ ఉండేది కాదు.

ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక మేము చాలాసేపు నిద్రపోలేదు. పొద్దున చెప్పిన ఉపన్యాసంలో ప్రతి మాటా మా ఇంట్లో ఉంది. ఒంటరిగా వెళ్ళడం ఉంది. అప్పు ఉంది. తిండి తగ్గించుకోవడం ఉంది. పిల్లల్ని వదిలి వెళ్ళడం ఉంది. బాబాసాహెబ్ చదువుకోడానికి వెళ్ళారు. మా అమ్మ మమ్మల్ని చదివించడానికి వెళ్ళింది. ఆయన ప్రయాణానికి మైకు పట్టుకుని చప్పట్లు కొట్టించుకున్నాం. అమ్మ ప్రయాణాన్ని దరఖాస్తు గడిలో దాచిపెట్టాం. బాబాసాహెబ్‌తో అమ్మని పోల్చడం మా ఉద్దేశం కాదు. అమ్మ వింటే చెంపలు వేసుకుంటుంది. కానీ ఆయన పేరుతో చెప్పుకునే ఆత్మగౌరవం ఇంట్లో మనిషి దగ్గరికి వచ్చేసరికి మాకెందుకు లేకపోయిందని ఆ రాత్రి అనిపించింది. ఇప్పుడు మన జిల్లా పేరే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఆ పేరు కోసం 2022లో మన అమలాపురం ఎంత చూసిందో మీకు తెలుసు. పేరు నిలబడింది. దాన్ని నిలబెట్టుకోవలసింది మన ఇళ్ళలో.

ఈ వేసవిలో ఒక సంగతి జరిగింది. మా వీధిలో ఒక అక్క ఉంది. 31 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసింది. మస్కట్‌లో ఇంటిపని ఉందని ఒక ఏజెంటు కాగితాలు ఇస్తే మా దగ్గరికి తెచ్చింది. చదివితే అది విజిట్ వీసా. చూసిరావడానికి ఇచ్చేది, పనికి ఇచ్చేది కాదు. అక్కడికి వెళ్ళాక మారుస్తామన్నాడట. మేము వెంటనే "వెళ్ళొద్దక్కా" అనేశాం. ఆమెకి కోపం వచ్చింది. "చదువుకున్నోళ్ళు వద్దనే చెప్తారు. నా అప్పు మీరు తీరుస్తారా?" అంది. మా దగ్గర జవాబు లేదు.

లోపలి నుంచి అమ్మ వచ్చి మమ్మల్నే కోప్పడింది. "వద్దనకండే. ఎలా వెళ్ళాలో చెప్పండి. నాకు అప్పుడు అది చెప్పే మనిషే లేడు" అంది.

అప్పుడు కూర్చుని అన్నీ వెతికి ఆమెకి చెప్పాం. మీ ఇళ్ళలో ఎవరైనా బయల్దేరుతుంటే పనికొస్తాయని ఇక్కడ కూడా రాస్తున్నాం. 10వ తరగతి పాసవనివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్ళు గల్ఫ్ దేశాలకి పనికి వెళ్ళాలంటే ప్రభుత్వం నుంచి వలస అనుమతి తీసుకోవాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకి ఇంటిపనికి 30 ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుంచి వాళ్ళని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం. మన రాష్ట్రంలో ఆ సంస్థ పేరు ఓంక్యాప్. మిగతా ఉద్యోగాలకి పంపే ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్ళకి 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తుంది. సందేహాలుంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోన్ నంబరు 1800 11 3090. పనికి పంపుతూ విజిట్ వీసా చేతిలో పెడితే, అది ఎవరిచ్చినా వెనక్కి ఇచ్చేయాలి.

అమ్మ తన వైపు నుంచి మరికొన్ని చెప్పింది. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు రెండు జతలు తీయించి ఒకటి ఇంట్లో ఉంచు. ఇంటి ఫోన్ నంబరు కాగితం మీద కాదు, నోటికి రావాలి. విమానం మారాలా అని టికెట్టు తీసుకునేటప్పుడే అడుగు. ఆవకాయ పెద్ద పెట్టెలో పెట్టు, చేతిసంచీలో కాదు. ఖాళీ సీసా దగ్గర పెట్టుకో, లోపల నీళ్ళు పట్టుకోవచ్చు. జీతం ఎంతో అరబీలో రాసిన కాగితం మీద అంకె చూసుకుని వేలిముద్ర వెయ్యి. అంకెలు ఎవరూ మోసం చేయలేరు, అక్షరాలే చేస్తారు.

ఆ అక్క ఇంకా వెళ్ళలేదు. ఏజెంటు పది రోజుల్లో పంపుతానన్నాడు, ఈ పద్ధతిలో నెలలు పడుతోంది. వడ్డీ పెరుగుతోందని మా మీద కొంచెం కోపంగానే ఉంది. మేము చేసింది మంచో కాదో ఆమె క్షేమంగా వెళ్ళి క్షేమంగా వచ్చాకే తెలుస్తుంది.

చెల్లెళ్ళారా, ఇది చదువుతున్న మీలో కొందరి అమ్మలు ఈ రాత్రి కువైట్‌లోనో, మస్కట్‌లోనో, ఖతార్‌లోనో ఉన్నారని మాకు తెలుసు. మీరూ ఎవరికీ చెప్పడం లేదని కూడా తెలుసు. వచ్చే ఏడాది దరఖాస్తు నింపేటప్పుడు ఆ గడిలో "విదేశంలో ఇంటిపని" అని రాయండి. ఫోన్ వచ్చినప్పుడు మీ మూడు జవాబులు చెప్పేశాక, మీరూ ఒక ప్రశ్న అడగండి. "అమ్మా, నువ్వు మొదటిసారి ఎలా వెళ్ళావు?" అని అడగండి. మేము అడగడానికి ఐదేళ్ళు పట్టింది. నిజానికి మేము అడగనే లేదు. ఆమే చెప్పింది.

ఈ ఏడాది పెద్దది పీజీ పూర్తి చేసింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. దానితోపాటు ఇద్దరం పాస్‌పోర్టులు తీసుకున్నాం. ఎక్కడికని అడిగితే ఇంకా తెలియదు. చదువుకో, ఉద్యోగానికో ఎప్పటికైనా అవసరం పడుతుందని తీసుకున్నాం. పోస్టులో వచ్చిన రోజు అమ్మ తన పాత పాస్‌పోర్టు తెచ్చి మా రెండింటి పక్కన పెట్టుకుని కూర్చుంది. పేజీలు తిప్పి తిప్పి చూసింది. ఆమె దానిలో ఉన్న ఈసీఆర్ అనే మాట మా వాటిలో లేదు. "మీ వాటిల్లో ఆ ముద్ర వెయ్యడం మరిచిపోయారేంటే?" అని గాభరాపడింది.

"మరిచిపోలేదమ్మా. 10వ తరగతి పాసైతే వెయ్యరు" అన్నాం.

అమ్మ కాసేపు ఆ మూడు పుస్తకాలూ చూసి, "అయితే హాస్టల్‌లో వేసినందుకు అది పోయిందన్నమాట" అంది. పాస్‌పోర్టులు మడత చీరల మధ్య పెట్టి పెట్టె మూసేసింది.

మేము ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఎక్కే రోజు వస్తే బోర్డు మీద అంకెలతో పాటు అక్షరాలు కూడా చదువుకుంటాం. ఆ అక్షరాలు నేర్పిన ఈ హాస్టల్‌కీ, వార్డెన్ మేడమ్‌లకీ, ఫోన్ ఇచ్చిన కమాటీ ఆంటీకీ, షార్జాలో మా అమ్మ చెయ్యి పట్టుకున్న పేరు తెలియని రాయచోటి పెద్దమ్మకీ మా నమస్కారాలు.